వానలు పడగానే కనురెప్పలు, మెడ మీద దురద.. అలర్జీ ట్యాబ్లెట్ వేసినా తగ్గట్లేదా? ఇంటి పక్కన ఖాళీ ప్లాటు ఒకసారి చూడండి

నాలుగు వానలు పడితే చాలు.. ఊరి చివర ఖాళీ ప్లాట్లు, రైలు పట్టాల పక్కన, రోడ్ల అంచులు అన్నీ పచ్చగా మారిపోతాయి. దూరం నుంచి చూస్తే క్యారెట్ తోటేమో అనిపిస్తుంది. దగ్గరికెళ్తే చిన్న చిన్న తెల్లటి పూలు. సరిగ్గా ఇదే టైంలో కొంతమంది పెద్దవాళ్లకు కనురెప్పలు దురద పెట్టడం, మెడ చుట్టూ ఎర్రబడటం, మోచేతి మడతల్లో మంట మొదలవుతాయి. మెడికల్ షాపుకెళ్లి ఒక అలర్జీ ట్యాబ్లెట్, ఒక ట్యూబు తెచ్చుకుంటారు. రెండు రోజులు తగ్గినట్టే ఉంటుంది. ఆ తర్వాత మళ్లీ మామూలే.

ఆ తెల్ల పూల మొక్క పేరు వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అంటే ఇంకా ఎక్కువ మందికి తెలుస్తుంది. పుప్పొడి అలర్జీ అనగానే మనకు తుమ్ములు, ముక్కు కారడం, ఆయాసమే గుర్తొస్తాయి. చర్మం మీద కూడా వస్తుందని, అది కూడా మామూలు అలర్జీ మందులకు లొంగని రకంగా వస్తుందని చాలామందికి తెలియదు. ఒక నిమిషం వీడియోలో ఇదంతా చెప్పడం కుదరదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం. కాస్త ఓపిగ్గా చదవండి.

మా ఇంట్లోనే జరిగింది

మా పెదనాన్నది నల్గొండ జిల్లా, పత్తి రైతు. 45 ఏళ్లు వచ్చేవరకు ఆయనకు ఏ అలర్జీ లేదు. ఒక వానాకాలం కనురెప్పలు, చెవుల వెనక దురదతో మొదలైంది. చలికాలం వచ్చేసరికి అదే తగ్గింది. ‘పురుగు మందు పడలేదేమో’ అనుకున్నారు. తర్వాతి ఏడు మళ్లీ వచ్చింది, ఈసారి మెడ, చేతులకు కూడా. ఊళ్లో సూది వేయించుకుంటే వారం హాయిగా ఉండేది. మూడో ఏడు చలికాలంలో కూడా తగ్గలేదు. మొహం నల్లబడింది, నుదుటి మీద చర్మం మందంగా అయి గీతలు పడ్డాయి.

ఆ ఏడు ఒక పెళ్లిలో భోజనాల దగ్గర ఆయన పక్క కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. ‘పెద్దరోగమేమో’ అని ఎవరో అన్న మాట మా పెద్దమ్మ చెవిన పడింది. ఆ రోజు నుంచి ఆయన శుభకార్యాలకు వెళ్లడం మానేశారు. పొలానికి మాత్రం రోజూ వెళ్లేవారు. రోగం అక్కడి నుంచే వస్తోందని అప్పటికి ఎవరికీ తెలియదు.

చివరికి హైదరాబాద్‌లో చర్మవైద్యులు చూసి, కుష్టు కాదని తేల్చి, వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి పరీక్ష చేశారు. రెండు రోజుల తర్వాత తీసి చూస్తే ఒక్క పట్టీ కింద మాత్రం చర్మం ఎర్రగా ఉబ్బి ఉంది. అది వయ్యారిభామ పట్టీ. మొదటి దురద నుంచి ఈ ఒక్క మాట వినేదాకా మూడేళ్లు పట్టింది.

ముందే ఒక విషయం. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదు. పక్కన కూర్చున్నా, కలిసి తిన్నా, ఒకే తువ్వాలు వాడినా అంటదు.

20 నిమిషాలా.. రెండు రోజులా?

పుప్పొడి వల్ల చర్మం మీద వచ్చే సమస్యలు ప్రధానంగా రెండు రకాలు. రెండూ దురద పెడతాయి, రెండింటినీ మనం ‘అలర్జీ’ అనే అంటాం. కానీ ఒంట్లో జరిగేది వేరు, మందు వేరు, పరీక్ష కూడా వేరు. గందరగోళమంతా ఇక్కడే.

మొదటిది దద్దుర్లు. పుప్పొడి తగిలిన కొన్ని నిమిషాల్లో, మహా అయితే గంటలోపే వచ్చేస్తాయి. దోమ కుట్టినట్టు ఉబ్బెత్తుగా, ఎర్రగా లేస్తాయి. ఒక దద్దురు ఒకే చోట 24 గంటలకు మించి ఉండదు. ఇక్కడ తగ్గుతుంది, ఇంకో చోట లేస్తుంది. తగ్గాక మచ్చ మిగలదు. మన రక్తంలో ఐజీఈ అనే యాంటీబాడీ ఉంటుంది. పుప్పొడిని అది శత్రువుగా గుర్తుపెట్టుకుంటే, అది తగిలిన వెంటనే చర్మంలోని కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. దురద, వాపు దాని పనే. తుమ్ములు, కళ్లు ఎర్రబడటం కూడా ఈ దారిలోనే వస్తాయి. అందుకే తుమ్ములున్న వాళ్లలో కొందరికి దద్దుర్లు కూడా కనిపిస్తాయి. గడ్డిలో కూర్చుని లేస్తే కాళ్లకు దద్దుర్లు రావడం కూడా ఈ కోవలోదే.

దీనికి సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ లాంటి యాంటీహిస్టమిన్ ట్యాబ్లెట్లు బాగానే పని చేస్తాయి. పేరులోనే ఉంది కదా, అవి అడ్డుకునేది హిస్టమిన్‌నే. సెట్రిజిన్ వేసుకుంటే కొందరికి నిద్ర ముంచుకొస్తుంది, బండి నడిపేవాళ్లు జాగ్రత్త. దద్దుర్లతో పాటు పెదవులు, నాలుక వాయడం, గొంతు పట్టేసినట్టు ఉండటం, ఊపిరి అందకపోవడం.. వీటిలో ఏది కనిపించినా ట్యాబ్లెట్ వేసి చూద్దాం అనుకోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

రెండో రకం పూర్తిగా వేరే కథ. దీంట్లో ఐజీఈకి పెద్దగా పని లేదు. టీ కణాలు అనే తెల్ల రక్తకణాలు ఆ మొక్కలోని రసాయనాన్ని గుర్తుపెట్టుకుంటాయి. మళ్లీ తగిలినప్పుడు అవి గుంపుగా చర్మంలోకి చేరడానికి ఒకటి, రెండు రోజులు పడుతుంది. ఆదివారం గట్టు మీద కలుపు పీకితే మంగళవారం దురద మొదలవుతుంది. మంగళవారం మనకు ఆదివారం గుర్తురాదు. ఆ రోజు తిన్న వంకాయ కూరో, కొత్త సబ్బో గుర్తొస్తుంది! తెలుగిళ్లలో అలర్జీ అనగానే వంకాయ, గోంగూర మానేయించడం ఆనవాయితీ. ఈ జబ్బులో మాత్రం అవి పాపం ఏ పాపం ఎరుగవు.

ఈ రకంలో దద్దుర్లు రావు. వచ్చేది గజ్జి లాంటి పొక్కులు, రసి కారడం, పొట్టు రాలడం. డాక్టర్లు డెర్మటైటిస్ లేదా ఎగ్జిమా అంటారు. ఒకసారి వస్తే రోజులు, వారాలు ఉంటుంది. గోకి గోకి చర్మం మందంగా, నల్లగా తయారవుతుంది.

ఇంకో చిక్కు ఏంటంటే, మొక్క మొదటిసారి తగలగానే ఇది రాదు. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి తగిలాక ఒంట్లో ఆ గుర్తింపు ఏర్పడుతుంది. అందుకే ‘చిన్నప్పటి నుంచి ఈ గడ్డి మధ్యే తిరిగాను, ఇప్పుడే ఎందుకొస్తుంది’ అనే వాదన ఇక్కడ చెల్లదు. ఎక్కువగా నడివయసులోనే, అందులోనూ ఆరుబయట పని చేసే మగవాళ్లలో బయటపడుతుంది. ఒకసారి ఆ గుర్తింపు ఏర్పడితే సాధారణంగా జీవితాంతం ఉంటుంది.

ఇంత ముద్దు పేరు ఎవరు పెట్టారో గానీ..

వయ్యారిభామ మన మొక్క కాదు. శాస్త్రీయ నామం పార్థీనియం హిస్టెరోఫోరస్. సొంతూరు అమెరికా ఖండంలోని ఉష్ణమండల ప్రాంతాలు, మెక్సికో వైపు. మన దేశంలో 1950ల మధ్యలో పుణె దగ్గర దీన్ని మొదట గుర్తించారు. అప్పట్లో విదేశాల నుంచి దిగుమతి చేసుకున్న గోధుమలతో పాటు దీని విత్తనాలూ వచ్చాయన్నది ఎక్కువగా వినిపించే మాట. 1970ల నాటికే పుణె చుట్టుపక్కల దీనివల్ల చర్మవ్యాధులు వస్తున్నాయని వైద్య పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి. అంటే డాక్టర్లకు ఇది తెలిసి 50 ఏళ్లు దాటింది. ఊళ్లలో ఇప్పటికీ దీన్ని ‘వేడి చేసింది’ అనే అంటున్నారు.

ఒక్క మొక్క వేల కొద్దీ విత్తనాలు రాలుస్తుంది. అవి గాలికి, నీటికి, లారీ టైర్లకు, పశువుల ఎరువుకు అంటుకుని ఎక్కడికైనా వెళ్తాయి. వానకు మొలిచి నెల, నెలన్నరలోనే పూతకొస్తుంది. మన దగ్గర జులై నుంచి అక్టోబర్ వరకు దీని రాజ్యం. తడి ఉంటే మిగతా నెలల్లో కూడా మొలుస్తుంది. మురుగు కాలువ పక్కన చూడండి, ఏడాది పొడవునా పూస్తూనే ఉంటుంది.

దీనిలో అసలు విలన్ పార్థెనిన్ అనే రసాయనం. ఆకులు, కాండం మీద కంటికి సరిగ్గా కనిపించని సన్నటి నూగు ఉంటుంది, పార్థెనిన్ ఎక్కువగా ఉండేది అందులోనే. పుప్పొడిలో కూడా ఉంటుంది. మొక్క ఎండితే ఆ నూగు, ఆకుల పొడి, పుప్పొడి అన్నీ కలిసి దుమ్ముగా గాల్లోకి లేస్తాయి. అందుకే మొక్కను ముట్టుకోకపోయినా బండి మీద ఆ దారిలో వెళ్తే చాలు, మొహం మీద పడుతుంది. ఎండిపోయింది కదా అని ధీమా పడటానికి లేదు.

సిటీల్లో ఈ మధ్య పుప్పొడి అంటే కోనోకార్పస్ గురించే మాట్లాడుకుంటున్నారు. తెలంగాణలో హరితహారంలో ఆ మొక్క నాటడం ఆపేశారు, గుజరాత్ 2023లో నిషేధం పెట్టింది. ఆ చర్చ జరగాల్సిందే. కానీ డివైడర్ మీద కోనోకార్పస్‌ను వేలెత్తి చూపించే మనం, దాని మొదట్లోనే మోకాలెత్తు పెరిగిన వయ్యారిభామను మాత్రం పట్టించుకోం.

ఎక్కడ వస్తే అనుమానించాలి?

ఈ జబ్బుకు ఒళ్లంతా సమానం కాదు. గాల్లోంచి పడే పొడి ఎక్కడ ఆగుతుందో, చెమటతో ఎక్కడ అంటుకుంటుందో అక్కడ ముందు మొదలవుతుంది. పై కనురెప్పలు. చెవుల వెనక. గడ్డం కింద. ముక్కు పక్కన గీతల్లో. చొక్కా పై గుండీ తీస్తే కనిపించే చోట. మోచేతి మడత, మోకాలి వెనక. చొక్కా, బనియన్ కింద ఉండే వీపు, పొట్ట చాలావరకు బాగానే ఉంటాయి.

చాలామంది దీన్ని ‘ఎండ అలర్జీ’ అనుకుంటారు. తేడా పట్టుకోవడానికి అద్దం ముందు నిలబడి చూసుకునే తేలిక గుర్తు ఒకటుంది. ఎండ వల్ల వచ్చేది ఎండ పడే చోటే వస్తుంది. కాబట్టి గడ్డం కింద, చెవుల వెనక, కనురెప్పల మీద తక్కువగా ఉంటుంది, అవి నీడలో ఉండే చోట్లు కదా. గాల్లోంచి పడే పొడికి నీడతో పని లేదు, ఆ మడతల్లోకి కూడా దూరుతుంది. నీడ చోట్లలోనే ఎక్కువగా ఉంటే వయ్యారిభామ మీద అనుమానం బలపడుతుంది. అయితే ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో కొందరికి తర్వాత ఎండ కూడా పడకుండా పోతుంది. అప్పుడు రెండూ కలిసిపోయి డాక్టర్లకు కూడా తేల్చడం కష్టమవుతుంది.

రెండో గుర్తు, సీజన్. వానాకాలంలో పెరిగి చలికాలంలో తగ్గడం. మొదటి రెండు మూడేళ్లే ఈ తేడా స్పష్టంగా ఉంటుంది, పాతబడితే ఏడాది పొడవునా ఉంటుంది. కాబట్టి ఏ నెలలో మొదలైందో, ఏ నెలలో తగ్గిందో ఫోన్‌లో రాసి పెట్టుకోండి. మూడో గుర్తు, ఊరు మారినప్పుడు ఏమవుతోంది? పది రోజులు ఊళ్లో లేకపోతే తగ్గి, తిరిగి రాగానే మొదలైతే డాక్టర్‌కు ఆ మాట తప్పకుండా చెప్పండి.

ప్రతి కనురెప్పల దురదా వయ్యారిభామ వల్లే అనుకోవద్దు. నడివయసులో జుట్టుకు వేసుకునే రంగు పడకపోయినా సరిగ్గా ఇవే చోట్ల.. కనురెప్పలు, చెవులు, మెడ మీదే వస్తుంది. తాపీ మేస్త్రీలకు సిమెంట్ పడకపోవచ్చు. చిన్నప్పటి నుంచి ఎగ్జిమా, ఆస్తమా ఉన్నవాళ్లకు పుప్పొడి సీజన్‌లో ఆ పాత ఎగ్జిమానే తిరగబెట్టొచ్చు. తేల్చాల్సింది చర్మవైద్యులే, ఈ పేజీ చదివి మీకు మీరే తేల్చేసుకోవద్దు.

ట్యాబ్లెట్ పని చేయదు.. ట్యూబు పని చేసినట్టు నటిస్తుంది

రెండో రకంలో హిస్టమిన్ పాత్ర తక్కువ. కాబట్టి సెట్రిజిన్ ఎన్ని వేసినా అసలు జబ్బు తగ్గదు. రాత్రి కాస్త మత్తుగా నిద్ర పడుతుంది, గోకడం తగ్గుతుంది, అంతే. ‘పవర్ ఉన్నది ఇవ్వండి’ అని షాపులో అడగడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ట్యూబు సంగతి ఇంకా ప్రమాదం. మెడికల్ షాపులో దురదకు అడిగితే ఎక్కువగా చేతిలో పెట్టేది మూడు నాలుగు మందులు కలిపిన క్రీము. ఫంగస్ మందు, బ్యాక్టీరియా మందు, వాటితో పాటు గట్టి స్టెరాయిడ్. దురద తగ్గించేది ఆ స్టెరాయిడే. మీ ఇంట్లో ఉన్న ట్యూబు తీసి చదవండి. క్లోబెటాసోల్, బీటామెథాసోన్, మొమెటాసోన్ అని ఏదైనా ఉంటే అది స్టెరాయిడే. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ కిందకు తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారా లేదా అన్నది మీకూ తెలుసు, మాకూ తెలుసు.

స్టెరాయిడ్ అనగానే విషం అనుకోవాల్సిన పని లేదు. ఈ జబ్బుకు డాక్టర్లు ఇచ్చే మొదటి మందు కూడా స్టెరాయిడ్ క్రీమే. కానీ ఏ పవర్‌ది, ఏ చోట, ఎన్ని రోజులు అన్నది వాళ్లు లెక్కేసి ఇస్తారు. అరచేతికి ఇచ్చేది కనురెప్పకు ఇవ్వరు. గట్టి స్టెరాయిడ్ మొహానికి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఎర్రటి నరాలు కనిపిస్తాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే మంట రెట్టింపవుతుంది, దాంతో మళ్లీ రాస్తారు. కనురెప్పల మీద ఎక్కువ కాలం వాడితే కంట్లో ప్రెషర్ పెరిగే ప్రమాదం ఉంది. అసలు సమస్య తామర అయితే, స్టెరాయిడ్ రాసిన కొద్దీ అది గుర్తుపట్టలేనంతగా మారి పాకుతుంది.

సూదులు, పొట్లం కట్టి ఇచ్చే గుళికలు కూడా అంతే. ఊళ్లలో దురదకు వేసే సూదుల్లో స్టెరాయిడ్ ఉండటం మామూలే. వారం హాయి. నెలకోసారి వేయించుకుంటే షుగర్, బీపీ, ఎముకల మీద దెబ్బ. మా పెదనాన్నకు షుగర్ బయటపడింది ఆ మూడేళ్లలోనే. సూదుల వల్లేనని ఖాయంగా చెప్పలేం గానీ, ఏ సూదో రాసిన చీటీ కూడా లేకపోతే డాక్టర్లయినా ఏం చెప్తారు? ఇంకో మాట, చాలాకాలంగా అలాంటివి వాడుతున్నవాళ్లు ఇది చదివి ఒక్కసారిగా మానేయొద్దు. ఒళ్లు స్టెరాయిడ్‌కు అలవాటు పడి ఉంటుంది, ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదకు రావచ్చు. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

వేల రూపాయల రక్తపరీక్ష కాదు.. వీపు మీద పట్టీలు

ల్యాబుల్లో ‘అలర్జీ ప్యాకేజీ’ అని వందల రకాల తిండ్లు, పుప్పొళ్ల లిస్టుతో రక్తపరీక్ష చేస్తారు. బిల్లు గట్టిగానే అవుతుంది. అది చూసేది ఐజీఈని. పైన చెప్పిన మొదటి రకానికి పనికొస్తుందేమో గానీ రెండో రకాన్ని పట్టుకోలేదు. రిపోర్టులో అంతా నార్మల్ అని వచ్చినా వయ్యారిభామ డెర్మటైటిస్ ఉండొచ్చు. ఒక్కోసారి దీనికి తిరగబడి, ఏవో పది కూరగాయల పేర్లు వస్తాయి, పాపం మనిషి అవన్నీ మానేసి నీరసపడతాడు.

దీనికి సరైన పరీక్ష ప్యాచ్ టెస్ట్. వీపు పైభాగంలో చిన్న చిన్న గిన్నెల్లాంటి పట్టీల్లో ఒక్కో పదార్థం కొద్దిగా పెట్టి అంటిస్తారు. సూది గుచ్చరు, నొప్పి ఉండదు. రెండు రోజులు అలాగే ఉంచి తీస్తారు, తీసిన రోజు ఒకసారి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. మన దేశంలో వాడే ప్యాచ్ టెస్ట్ కిట్‌లో వయ్యారిభామ కూడా ఉంటుంది, జుట్టు రంగు, సిమెంట్‌కు సంబంధించినవి కూడా ఉంటాయి. కాబట్టి పైన చెప్పిన అనుమానాలన్నీ ఒకేసారి తేలతాయి. ఆ రెండు రోజులు వీపు తడవకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. కాబట్టి నాట్లు, పత్తి తీత లాంటి పనుల మధ్యలో పెట్టుకోకండి. ఒళ్లంతా బాగా తిరగబెట్టి ఉన్నప్పుడు, స్టెరాయిడ్ గట్టిగా వాడుతున్నప్పుడు చేస్తే ఫలితం తప్పుగా రావచ్చు, అందుకే డాక్టర్లు కొన్నాళ్లు ఆగమంటారు. మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉండే ఆసుపత్రుల చర్మ విభాగంలో అడిగి చూడండి.

తేలాక ఏం చేస్తారు? కొద్దిగా ఉంటే క్రీములతోనే గడుస్తుంది. బాగా ముదిరితే కొన్నాళ్లు స్టెరాయిడ్ ట్యాబ్లెట్లు, ఆ తర్వాత వాటి అవసరం తగ్గించడానికి రోగనిరోధక శక్తిని కాస్త అదుపులో పెట్టే మందులు ఇస్తారు. అజాథయోప్రిన్ వాటిలో ముఖ్యమైనది, ఈ జబ్బుకు దాని వాడకం మీద ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు పరిశోధనలు కూడా చేశారు. ఇవి వాడుతున్నంత కాలం రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. పక్కింటాయనకు రాసిన చీటీ చూపించి కొనే మందులు కావివి.

మందు ఒక్కదానితో అయ్యే పని కూడా కాదు. పొలం నుంచి, బండి మీద నుంచి రాగానే స్నానం, బట్టలు మార్చుకోవడం. ఆ బట్టలతో మంచం మీద వాలకూడదు. ఫుల్ చేతుల చొక్కా, మెడకు కండువా, బండి మీద అద్దం దించిన హెల్మెట్. ఉతికిన బట్టలు ఖాళీ ప్లాటు వైపు ఆరేయొద్దు. స్నానం అయ్యాక తడి ఆరకముందే కొబ్బరి నూనె గానీ వాసన లేని మాయిశ్చరైజర్ గానీ రాసుకోవాలి. ఎక్కడైనా ఆ గడ్డి తగలబెడుతుంటే ఆ పొగకు దూరంగా ఉండాలి.

చామంతి కూడా చుట్టమే

ఇది చాలామందికి తెలియని సంగతి. వయ్యారిభామ, చామంతి, బంతి, పొద్దుతిరుగుడు ఒకే కుటుంబం మొక్కలు. వయ్యారిభామ పడనివాళ్లలో కొంతమందికి ఈ చుట్టాల్లో ఏదో ఒకటి కూడా పడదు, ముఖ్యంగా చామంతి. వినాయక చవితి నుంచి బతుకమ్మ, దసరా దాకా ఇల్లంతా ఇవే పూలు. వయ్యారిభామ పూత కూడా సరిగ్గా అప్పుడే. పూల దుకాణం నడిపేవాళ్లు, దండలు కట్టేవాళ్లకైతే వేళ్ల చివర్ల నుంచే మొదలవుతుంది. అందరికీ పడదని కాదు, కాబట్టి పండక్కి పూలు మానేయాల్సిన పని లేదు. ప్యాచ్ టెస్ట్‌లో తేలినవాళ్లు, పూలు పేర్చిన రెండు రోజులకు దురద పెరుగుతోందా అని గమనించుకుంటే చాలు. బతుకమ్మలో పేర్చే తంగేడు, గునుగు ఈ కుటుంబం కాదు. అయితే గునుగు కోయడానికి వెళ్లేది మళ్లీ ఆ చేల గట్లకే కదా, అక్కడ వయ్యారిభామ ఉండనే ఉంటుంది.

గుంటగలగరాకు కూడా ఇదే కుటుంబం. ఆ ఆకు నూనె తలకు రాసుకునే అలవాటున్నవాళ్లు డాక్టర్‌కు ఆ విషయం చెప్పండి. ‘ఆయుర్వేదమే కదా’ అని దాచేవాళ్లు చాలామంది. దురద ఉన్న చోట తెలియని ఆకు పసర్లు పూయడం అయితే అసలే వద్దు.

పీకేవాళ్ల సంగతేంటి?

జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దేశమంతా పార్థీనియం అవగాహన వారోత్సవాలు జరుగుతాయి. మంచి పనే. ఆ వారమంతా మా డెస్క్‌కు ఫొటోలు వస్తూనే ఉంటాయి, కాలేజీ పిల్లలు, అధికారులు వరసగా నిలబడి మొక్కలు పీకుతూ. చాలా ఫొటోల్లో చేతులకు గ్లౌజులుండవు, మొహానికి మాస్కులుండవు. పూతకొచ్చిన మొక్కను ఒట్టి చేత్తో పట్టుకుని నవ్వుతూ పోజు! వాళ్లు ఒక రోజు పీకి వెళ్లిపోతారు. మున్సిపాలిటీ పారిశుద్ధ్య కార్మికులు, ఉపాధి హామీ కూలీలు, రైలు పట్టాల పక్కన పని చేసేవాళ్లు మాత్రం ఏడాదంతా పీకుతూనే ఉంటారు. రబ్బరు గ్లౌజులు, మాస్కు, ఫుల్ చేతుల చొక్కా ఇవ్వకుండా ఈ పని చెప్పడం తప్పు. అప్పటికే దురద ఉన్న మనిషికి ఈ పని అసలు చెప్పకూడదు.

పీకడానికి కూడా ఒక టైం ఉంది. పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో సహా రావాలి. పూశాక పీకితే విత్తనాలు రాల్చి మనమే నాటినట్టు. పూత రాని మొక్కల్ని కంపోస్టు చేసుకోవచ్చు. పంట వేయని చోట లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేస్తే మాడిపోతుంది. పొలంలో మాత్రం ఆ పని చేయొద్దు, నేల పాడవుతుంది. ఖాళీ చోట్ల తగిరిస, తంగేడు పెరగనిస్తే అవి దీన్ని అణగదొక్కుతాయి. తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడుకు ఇలాంటి ఉపయోగం కూడా ఉందన్నమాట.

దీన్ని మాత్రమే ఇష్టంగా తినే పురుగు కూడా ఒకటుంది. జైగోగ్రామా అనే ఈ మెక్సికన్ పెంకు పురుగును 1980ల్లో మన దేశానికి తెచ్చి, పరీక్షించాక 1984లో బెంగళూరులో వదిలారు. గోధుమ రంగు చారలతో చిన్నగా ఉంటుంది. వానాకాలంలో ఆకుల్ని జల్లెడ చేస్తుంది, వానలు ఆగాక మట్టిలోకి దూరి నిద్రపోతుంది. మొక్క మీద ఈ పురుగులు కనిపిస్తే చంపకండి.

మా పెదనాన్న ఇప్పుడు మందుల మీదే ఉన్నారు, మొహం చాలావరకు తేటపడింది. పత్తి మానలేదు. గట్ల మీద కలుపు పని మాత్రం కౌలుకు పక్క చేను చేసే కుర్రాడికి అప్పగించారు. ఆ అబ్బాయికి గ్లౌజులు కొనిచ్చింది మా పెద్దమ్మే. మొదటి రోజు ‘ఇదేంది పెద్దమ్మా, డాక్టర్ లెక్క’ అని నవ్వాడట. పోయిన శ్రావణంలో మా చెల్లి పెళ్లికి పెదనాన్న వచ్చి, భోజనాల దగ్గర మొదటి బంతిలోనే కూర్చున్నారు.